ఇంటిపేరు కస్తూరివారు

బాలలూ,

"ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు" అని మనవాళ్ళకు ఒక సామెత ఉన్నది. పేరు ఘనంగా ఉండి, తీరు అందుకు తగినట్టు లేనప్పుడు ఈ మాట అంటారు. ఈ నెల మనం చెప్పుకోబోయేది కూడా ఇంటిపేర్ల సంగతే. అయితే అవి మనుషుల ఇంటిపేర్లు కావు, వెబ్‌సైట్ల ఇంటిపేర్లు.

మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, సొంత పేరు తరవాత వస్తుంది. వెబ్‌సైటుకు ఇది తలకిందులు. దాని ఇంటిపేరు చివర వస్తుంది. "డాట్ కామ్", "డాట్ ఆర్గ్", "డాట్ ఇన్" అని మీరు రోజూ వినే మాటలు ఆ ఇంటిపేర్లే.

బడిలో ప్రాజెక్టు పని ఇస్తే మీరు ఫోనులో వెతుకుతారు. మీ అన్నయ్య ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా, మీ అక్కయ్యకు స్కాలర్‌షిప్పు కావాలన్నా ఫోనులోనే వెతుకుతారు. ఒక్క మాట అడిగితే చాలు, వంద వెబ్‌సైట్లు వరస కట్టి నిలబడతాయి. ప్రతి ఒక్కటీ "నన్ను నమ్ము" అనే అంటుంది. ఏది నమ్మాలి?

దీనికి చాలామంది ఒక సులువైన ఉపాయం చెబుతారు. "చివరి అక్షరాలు చూడు. గవ్ అని ఉంటే ప్రభుత్వానిది, నమ్మవచ్చు. ఈడీయూ అంటే విద్యాసంస్థది, నమ్మవచ్చు. ఆర్గ్ అంటే సేవాసంస్థది, అదీ నమ్మవచ్చు. కామ్ అంటే మటుకు వ్యాపారస్థులది, జాగ్రత్త!" అంటారు. ఈ ఉపాయంలో సగం నిజం ఉన్నది, సగం లేదు. ఏ సగం నిజమో తెలియాలంటే, అసలు ఈ ఇంటిపేర్లు ఎవరు పెట్టారో, ఎవరికి ఇస్తున్నారో తెలుసుకోవాలి.

మొదట్లో కంప్యూటర్లు చాలా కొద్దిగా ఉండేవి. వాటి పేర్లన్నీ ఒకే జాబితాలో ఉండేవి. ఆ జాబితాను అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో ఉంచేవారు. కంప్యూటర్లు పెరిగేసరికి ఒక్క జాబితాతో పని జరగటం కష్టమయింది. అందుచేత 1983లో పాల్ మోకాపెట్రిస్ అనే శాస్త్రజ్ఞుడు పేర్లను శాఖలుగా విడగొట్టే పద్ధతి కనిపెట్టాడు. మరుసటి సంవత్సరం జాన్ పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ అనే ఇద్దరు ఆ శాఖలకు పేర్లు నిర్ణయించారు. అమెరికా ప్రభుత్వానికి గవ్, కళాశాలలకు ఈడీయూ, సైన్యానికి మిల్, వ్యాపార సంస్థలకు కామ్. మరి వీటిలో దేనిలోనూ ఇమడనివాళ్ళ మాట ఏమిటి? వాళ్ళకు ఆర్గ్ అన్నారు. అంటే ఆర్గ్ అన్నది సేవాసంస్థలకు ఇచ్చిన బిరుదు కాదు. అది మిగిలినవాళ్ళందరికీ వేసిన పందిరి! మొట్టమొదటి డాట్ కామ్ పేరును సింబాలిక్స్ అనే కంప్యూటరు కంపెనీ 1985 మార్చి 15న నమోదు చేసుకున్నది.

వీటితోపాటు ప్రతి దేశానికీ రెండక్షరాల ఇంటిపేరు ఒకటి ఏర్పడింది. మనకు ఇన్, జపానుకు జేపీ, బ్రిటనుకు యూకే. మన తెలుగు లిపిలోనే "డాట్ భారత్" అన్నది కూడా ఉన్నది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ ఇంటిపేర్లలో రెండు జాతులు ఉన్నాయి. ఒకటి కాపలా ఉన్న జాతి, రెండవది కాపలా లేని జాతి.

గవ్ డాట్ ఇన్ అన్నది మన దేశంలో ప్రభుత్వ కార్యాలయాలకు మాత్రమే ఇస్తారు. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ అనే ప్రభుత్వ సంస్థ దానికి కాపలా ఉంటుంది. ఏసీ డాట్ ఇన్ అన్నది విద్యాసంస్థలకు, ఆర్ఈఎస్ డాట్ ఇన్ అన్నది పరిశోధనా సంస్థలకు. వీటికి ఎర్నెట్ ఇండియా అనే సంస్థ కాపలా. ఆ పేరు కావలసినవాళ్ళు తాము ఎవరో కాగితాలు చూపించి రుజువు చేసుకోవాలి. ఉత్త ఈడీయూ అన్నది అమెరికాలో గుర్తింపు పొందిన కళాశాలలకు ఇస్తారు. 2001 నుంచి ఈ నిబంధన గట్టిగా అమలు జరుగుతున్నది. అంతకు ముందే ఆ పేరు సంపాదించినవాళ్ళ జోలికి మటుకు పోలేదు.

ఇక కామ్, ఆర్గ్, నెట్, కో డాట్ ఇన్, ఆర్గ్ డాట్ ఇన్, ఆన్‌లైన్ వంటివి కాపలా లేనివి. డబ్బు కట్టి ఎవరైనా కొనుక్కోవచ్చు. నువ్వు వ్యాపారివా, సన్యాసివా, దొంగవా అని అడిగేవాళ్ళు లేరు. సంతలో గొడుగు కొన్నంత సులువు.

కొన్ని దేశాల ఇంటిపేర్లు కూడా ఇలాగే సంతకు వచ్చాయి. టీవీ అని ముగిసే పేరు చూసి "ఇది టెలివిజనుకు సంబంధించినది" అనుకుంటాం. నిజానికది పసిఫిక్ మహాసముద్రంలోని తువాలు అనే బుల్లి దేశం ఇంటిపేరు. ఆ పేరు బయటివాళ్ళకు ఇచ్చి ఆ దేశం మంచి ఆదాయం సంపాదిస్తున్నది. ఏఐ అని ముగిస్తే కృత్రిమ మేధకు సంబంధించినదని అందరూ అనుకుంటారు. అది కరీబియన్ సముద్రంలోని ఆంగ్విల్లా అనే దీవిది!

ఇటీవల మన దేశంలో కాపలా ఉన్న ఇంటిపేరు మరొకటి పుట్టింది. బ్యాంకుల పేర్లు పెట్టుకుని దొంగ వెబ్‌సైట్లు జనాన్ని మోసం చేస్తున్నాయి గనక, మన బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా బ్యాంక్ డాట్ ఇన్ అనే ఇంటిపేరుకు మారాలని రిజర్వు బ్యాంకు ఆ సంవత్సరం ఏప్రిల్‌లో ఆదేశించింది. ఈ పేరు ఇచ్చే అధికారం హైదరాబాదులో ఉన్న ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కదానికే ఉన్నది. దాన్ని 1996లో రిజర్వు బ్యాంకే స్థాపించింది. బ్యాంకు కానివాళ్ళు ఎంత డబ్బు ఇస్తామన్నా ఆ పేరు దొరకదు. కాపలా అంటే ఇదీ.

"అయితే మాస్టారూ, పేరులో ఎక్కడైనా గవ్ అని కనిపిస్తే నిశ్చింతగా ఉండవచ్చునా?" అని మీరు అడగవచ్చు. ఎక్కడైనా కనిపిస్తే చాలదు. అది ఎక్కడ కనిపించిందన్నదే ముఖ్యం.

ఉత్తరం మీద చిరునామా ఎలా రాస్తాం? మనిషి పేరు, వీధి, ఊరు, జిల్లా, రాష్ట్రం అని చిన్నదాని నుంచి పెద్దదానికి పోతాం. తపాలావాళ్ళు మటుకు కింది నుంచి పైకి చదువుతారు. ముందు రాష్ట్రం, తరవాత జిల్లా, తరవాత ఊరు. వెబ్‌సైటు పేరును కంప్యూటరు కూడా ఇలాగే కుడి నుంచి ఎడమకు చదువుతుంది. మనమూ అలాగే చదవాలి.

కొత్త ఢిల్లీలో హైదరాబాద్ హౌస్ అని ఒక గొప్ప భవనం ఉన్నది. దాన్ని నిజాం నవాబు కట్టించాడు. విదేశాల నుంచి వచ్చే పెద్దలతో మన ప్రధానమంత్రి సమావేశమయేది అక్కడే. "హైదరాబాద్ హౌస్, కొత్త ఢిల్లీ" అని రాస్తే ఆ ఉత్తరం ఎక్కడికి పోతుంది? హైదరాబాదుకు పోదు, ఢిల్లీకి పోతుంది. పేరులో హైదరాబాదు ఉన్నా, ఇల్లు ఉన్నది ఢిల్లీలో గదా!

దొంగలు చేసే పని కూడా ఇదే. "స్కాలర్‌షిప్స్ డాట్ గవ్ డాట్ ఇన్" అన్నది జాతీయ స్కాలర్‌షిప్పుల అసలు వెబ్‌సైటు. దాని తరవాత మరొక "డాట్" పెట్టి, "స్కాలర్‌షిప్స్ డాట్ గవ్ డాట్ ఇన్ డాట్ ఫలానా డాట్ కామ్" అని రాశారనుకోండి. మధ్యలో గవ్ డాట్ ఇన్ కనిపిస్తుంది. కాని కుడి నుంచి చదివితే మొదట వచ్చేది కామ్, తరవాత ఫలానా. అది ఫలానావాడి ఇల్లు. గవ్ డాట్ ఇన్ అన్నది వాడు తన వాకిట్లో రాసుకున్న ముగ్గు మాత్రమే. అలాగే చుక్క ఉండవలసినచోట చిన్న అడ్డగీత పెట్టి "గవ్-ఇన్" అని రాసేవాళ్ళు ఉన్నారు. అదీ ప్రభుత్వానిది కాదు.

చిరునామా ఎక్కడ ముగిసిందో ఎలా తెలుస్తుంది? పేరు తరవాత ఏటవాలు గీత ఒకటి వస్తుంది. ఆ గీతకు ఎడమ పక్కన ఉన్నదాకానే చిరునామా. మొదట్లో "హెచ్‌టీటీపీఎస్" అన్న అక్షరాల వెంట వచ్చే జంట గీతలను లెక్కలోకి తీసుకోకండి. పేరు ముగిశాక వచ్చే మొదటి గీతే మనకు కావలసినది. దాని తరవాత ఏం రాసి ఉన్నా అది ఇంటి లోపలి గది పేరు. గదికి ఏ పేరు పెట్టుకోవాలన్నది ఇంటివాడి ఇష్టం.

ఇది ఉత్త పాఠం కాదు. 2021లో కేంద్ర విద్యాశాఖ ప్రజలకు ఒక హెచ్చరిక చేసింది. సమగ్ర శిక్షా అభియాన్ పేరు వచ్చేటట్టుగా ఎవరో మూడు దొంగ వెబ్‌సైట్లు పెట్టారు. చూడటానికి అచ్చంగా అసలువాటిలాగే ఉన్నాయి. ఉద్యోగాలు ఇస్తామని ఆశపెట్టి, అభ్యర్థుల దగ్గర డబ్బు అడిగారు. ఆ మూడింటి ఇంటిపేర్లు ఏమిటో చూడండి. ఒకటి ఆన్‌లైన్, రెండవది కో డాట్ ఇన్, మూడవది ఆర్గ్ డాట్ ఇన్. విద్యాశాఖ అసలు పేరు "ఎడ్యుకేషన్ డాట్ గవ్ డాట్ ఇన్" అని ముగుస్తుంది. కేంద్ర ప్రభుత్వం ఉద్యోగాలు ఇస్తూ, సంతలో కొన్న ఇంటిపేరు ఎందుకు పెట్టుకుంటుంది? ఈ ఒక్క ప్రశ్న వేసుకున్నవాళ్ళ డబ్బు వాళ్ళ జేబులోనే ఉంటుంది. ఉద్యోగం లేనివాడి జేబులో డబ్బు ఎంత కష్టపడి చేరుతుందో పెద్దవాళ్ళను అడగండి.

ఇంతదాకా చెప్పినది ఉపాయంలోని నిజమైన సగం. ఇక రెండవ సగం.

డైహైడ్రోజన్ మోనాక్సైడ్ అనే పదార్థం గురించి ఎప్పుడైనా విన్నారా? ఇది ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణం తీస్తుంది. దీని ఆవిరి తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. ఇనుమును తుప్పు పట్టిస్తుంది. నేలను కోసివేస్తుంది. ఆమ్లవర్షాలలో ఎక్కువ భాగం ఇదే. దీనికి అలవాటు పడినవాళ్ళు మానేస్తే కొద్ది రోజులలో చచ్చిపోతారు. ఇంత భయంకరమైన పదార్థాన్ని నిషేధించవద్దా?

1997లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో పద్నాలుగేళ్ళ కుర్రవాడు ఒకడు ఇటువంటి కాగితమే యాభైమంది తోటి విద్యార్థులకు చూపించి ఈ ప్రశ్న అడిగాడు. నలభైముగ్గురు నిషేధించాలన్నారు. ఆరుగురు ఎటూ తేల్చుకోలేకపోయారు. ఒక్కరు మాత్రం అది ఏమిటో పోల్చారు. మీరు పోల్చారా? డై అంటే రెండు, మోనో అంటే ఒకటి. రెండు పాళ్ళు హైడ్రోజను, ఒక పాలు ఆక్సిజను. హెచ్ టూ ఓ. అంటే మంచినీళ్ళు!

ఒకసారి పైన రాసినవన్నీ మళ్ళీ చదవండి. అందులో ఒక్క అబద్ధమూ లేదు. నీళ్ళు ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణం పోదా? ఆవిరికి చెయ్యి కాలదా? నీళ్ళు మానేసినవాడు బతుకుతాడా? నిజాలనే ఏరి, భయపెట్టే మాటలలో చెబితే అబద్ధం చేసే పని అవి చేస్తాయి.

ఈ వేళాకోళం కోసం డీహెచ్ఎంఓ డాట్ ఆర్గ్ అని ఒక వెబ్‌సైటు కూడా వెలిసింది. అది పెద్ద పరిశోధనా సంస్థలాగా గంభీరంగా కనిపించేది. 2004లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఆలిసో వియేహో అనే పట్టణంలో నగర పాలక ఉద్యోగి ఒకరు ఇంటర్నెట్టులో ఇలాంటి సమాచారం చదివి నమ్మారు. ఈ "ప్రమాదకర రసాయనం" వాడి తయారుచేస్తారు గనక, పట్టణం తరఫున జరిగే కార్యక్రమాలలో నురగ కప్పులు నిషేధించాలని నగర పాలక సభ ముందు తీర్మానం పెట్టారు. వోటు జరిగే లోపల సంగతి బయటపడి, ఆ తీర్మానం వెనక్కు తీసుకున్నారు. ఊరు ఊరంతా నవ్వుకున్నది.

అది నవ్వులాట. నవ్వులాట కానివి కూడా ఉన్నాయి. మార్టిన్ లూథర్ కింగ్ పేరు మీరు వినే ఉంటారు. నల్లజాతివారి హక్కుల కోసం గాంధీగారి మార్గంలో పోరాడి, 1968లో హత్యకు గురయిన మహనీయుడాయన. ఆయన పూర్తి పేరుతో ఆర్గ్ అని ముగిసే వెబ్‌సైటు ఒకటి చాలా ఏళ్ళపాటు నడిచింది. విద్యార్థులకు ఉపయోగపడే పేజీలాగా కనిపించేది. దాన్ని నడిపినవాళ్ళు మటుకు నల్లవాళ్ళను ద్వేషించే ముఠావాళ్ళు! కింగ్‌ను పిల్లల దృష్టిలో తక్కువ చెయ్యటానికే దాన్ని పెట్టారు. ఆయన భార్య స్థాపించిన కింగ్ సెంటర్ వెబ్‌సైటు కూడా ఆర్గ్ అనే ముగుస్తుంది. ఇద్దరికీ ఒకే ఇంటిపేరు. ఒకరు కస్తూరి, ఒకరు గబ్బిలాలు.

అలాగని ఆర్గ్, కామ్ అన్నవన్నీ చెడ్డవి అనుకోకండి. తెలుగు వికీపీడియా ఆర్గ్ అనే ముగుస్తుంది. తెలుగు మాటకు అర్థం కావాలంటే పాత నిఘంటువులెన్నో ఒకచోట ఉచితంగా చూపే ఆంధ్రభారతి, డాట్ కామ్ అని ముగుస్తుంది. కాపలా లేని వీధిలో మంచివాళ్ళు కూడా కాపురం ఉంటారు. కాపలా ఉన్న కోటలో పొరపాట్లు కూడా జరుగుతాయి. ప్రభుత్వ వెబ్‌సైటులో నిరుటి తేదీ మార్చకుండా ఉండిపోవచ్చు. విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో మీరు చదివినది ఆచార్యుడు రాసినది కాక, ఒక విద్యార్థి సొంతంగా రాసుకున్న పేజీ కావచ్చు.

కాబట్టి మనం గుర్తుంచుకోవలసిన ముక్క ఇది: ఇంటిపేరు, అదీ కాపలా ఉన్న ఇంటిపేరు, చెప్పగలిగేది "ఈ ఇల్లు ఎవరిది" అని మాత్రమే. "ఈ ఇంట్లోవాళ్ళు చెప్పేది నిజమా" అన్నది అది చెప్పలేదు. అది మనం విచారించుకోవాలి.

విచారించటం ఎలా? మూడు ప్రశ్నలు చాలు.

ఒకటి: ఈ సంగతి వీళ్ళ ఇంటి సంగతేనా? పదో తరగతి ఫలితాలు పరీక్షల బోర్డును అడగాలి. ఉపగ్రహం ఎప్పుడు ఎగిరిందో ఇస్రోను అడగాలి. ఒక సబ్బు ధర ఎంతో ఆ కంపెనీ డాట్ కామే సరిగ్గా చెబుతుంది. కాని "దేశంలో అన్నిటికన్నా మంచి సబ్బు ఏది?" అని ఆ కంపెనీనే అడిగితే ఏం జవాబు వస్తుందో మీకు తెలుసు.

రెండు: నేను నమ్మితే వీళ్ళకు ఏం లాభం? డబ్బు అడుగుతున్నారా? ఆధార్ నంబరు, బ్యాంకు సంగతులు, ఫోనుకు వచ్చిన రహస్యపు అంకెలు అడుగుతున్నారా? "ఇవాళే ఆఖరి రోజు, ఇంకా పది నిమిషాలే ఉన్నది" అని తొందరపెడుతున్నారా? తొందరపెట్టేవాడి దగ్గర తొందరపడకూడదు.

మూడు: ఈ మాట మరొక చోట, వీళ్ళతో సంబంధం లేనివాళ్ళు కూడా చెబుతున్నారా? ఒకరు రాసినది పదిమంది ఎత్తి రాసుకుంటే పది సాక్ష్యాలు అయిపోవు. అది ఒక్క సాక్ష్యమే. మీ తరగతిలో ఒకడి లెక్క చూసి పదిమంది ఎక్కిస్తే, అందరికీ ఒకే తప్పు వస్తుంది కదా!

ఇప్పుడు ఈ నెల పని. నేను కల్పించి రాసిన ఈ మూడు పేర్లూ కుడి నుంచి ఎడమకు చదివి, ఏది ప్రభుత్వ ఇల్లో చెప్పండి. (1) రిజల్ట్స్ డాట్ గవ్-ఇన్ డాట్ కామ్. (2) రిజల్ట్స్ డాట్ ఫలానాబోర్డు డాట్ గవ్ డాట్ ఇన్. (3) ఫలానాబోర్డు డాట్ ఆర్గ్, ఏటవాలు గీత, గవ్ డాట్ ఇన్. తొందరపడకుండా ఆలోచించి, ఆ తరవాత కింద చూడండి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఏదైనా దరఖాస్తు నింపే ముందు, డబ్బు కట్టే ముందు, పైన ఉన్న చిరునామా మీ పిల్లల చేత బిగ్గరగా చదివించండి. పిల్లవాడు చదివేది మీరు వినండి. నిమిషం పడుతుంది. దొంగకు ఆ నిమిషమే పెద్ద శత్రువు.

బాలలూ, మీలో చాలామంది ఇళ్ళలో ఇంగ్లీషు అక్షరాలు తడుముకోకుండా చదవగలిగేది మీరొక్కరే అయి ఉంటారు. నాయనమ్మ పింఛను సంగతీ, నాన్న పంట బీమా సంగతీ ఫోనులో చూసిపెట్టమని మిమ్మల్నే అడుగుతారు. అప్పుడు మీరు ఆ ఇంటికి వాకిటి కాపలా. ముందు కుడి నుంచి చదవండి. ఇల్లు ఎవరిదో తేల్చుకోండి. ఆ తరవాత మూడు ప్రశ్నలూ అడగండి. అనుమానం తీరకపోతే "దీన్ని రేపు చూద్దాం" అనండి. అలా అనటానికి ఏమీ సిగ్గుపడనక్కరలేదు.

ఉంటాను.

మీ మాస్టారు

(జవాబు: రెండవది ఒక్కటే. మొదటిది కామ్ ఇంటిది, చుక్క బదులు అడ్డగీత ఉన్నది. మూడవది ఆర్గ్ ఇంటిది, గీత తరవాత ఉన్నది గది పేరు మాత్రమే.)